ఊపిరితిత్తుల్లో ప్రతిధ్వనులు

వేసవి వచ్చిందంటే చాలామంది ఇళ్ళల్లో కొత్త కుండ కొంటారు. కుండలమ్మే చోట మీ అమ్మమ్మనో, నాయనమ్మనో ఒకసారి గమనించండి. కుండ అందంగా ఉందా లేదా అని ఆవిడ ఎక్కువసేపు చూడదు. ఎడమచేత్తో మూతి పట్టుకుని, కుడిచేతి వేలి కణుపుతో రెండు దెబ్బలు వేస్తుంది. 'ఖంగు'మని మోగిందా, బేరం మొదలవుతుంది. బొంగురుగా మోగిందా, ఆ కుండ పక్కకు పోతుంది. కంటికి కనిపించని పగులు చెవికి దొరికిందన్నమాట!

ఇదే పని డాక్టర్లు మన ఛాతీ మీద చేస్తారు. ఆస్ట్రియా దేశంలో లియోపోల్డ్ ఔవెన్‌బ్రుగ్గర్ అనే వైద్యుడు ఉండేవాడు. ఆయన తండ్రి పూటకూళ్ళ ఇల్లు నడిపేవాడు. పీపాలో ద్రాక్షసారా ఎంతవరకు ఉందో తెలుసుకోవడానికి తండ్రి పీపాను పైనుంచి కిందికి తట్టి చూస్తూ ఉంటే కొడుకు చూసేవాడని చెబుతారు. ఖాళీగా ఉన్నంతమేరా ఒక చప్పుడు, సారా ఉన్న చోట ఇంకో చప్పుడు. పెద్దయ్యాక ఆయన అదే పద్ధతిలో రోగుల ఛాతీని వేళ్ళతో తట్టి, లోపల నీరు చేరిందో లేదో చెప్పగలిగాడు. 1761లో దీన్ని గురించి చిన్న పుస్తకం రాశాడు.

మీరు కూడా చేసి చూడవచ్చు. మీ ఎడమచేతి మధ్యవేలును కుడివైపు ఛాతీ మీద, పక్కటెముకల సందున గట్టిగా ఆనించండి. కుడిచేతి మధ్యవేలి కొనతో దాని మీద తట్టండి. డొల్లగా మోగుతుంది. ఒక్కొక్క సందే దిగుతూ రండి. కొంత కిందికి వచ్చేసరికి మోత పోయి చప్పుడు మొద్దుబారుతుంది. అక్కడ ఊపిరితిత్తి అయిపోయి కాలేయం మొదలైందని అర్థం. గాలి ఉన్నచోట ఒక ధ్వని, గాలి లేనిచోట మరొక ధ్వని. ఈ ఒక్క విషయం గుర్తుంచుకోండి. ఇకముందు చెప్పబోయేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఇక అసలు సంగతికి వద్దాం. విశాఖపట్నంలో 1923 నుంచి కింగ్ జార్జి ఆసుపత్రి ఉంది. ఊళ్ళో అందరూ కె.జి.హెచ్. అంటారు. అలాంటి పెద్ద ఆసుపత్రికి అర్ధరాత్రి ఒక ముసలాయన్ని తీసుకువచ్చారనుకోండి. ఊపిరి ఆడడం లేదు. మాట్లాడలేడు, పడుకోలేడు. గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లోకి నీరు ఊరిందా? న్యుమోనియానా? ఊపిరితిత్తి చుట్టూ నీరు పట్టిందా? లేక ఊపిరితిత్తికి చిల్లిపడి గాలి బయటికి వచ్చిందా? నాలుగింటికీ ఆయాసమే లక్షణం. కానీ నాలుగింటికీ వైద్యం వేరు. ఒకదానికి మూత్రం ఎక్కువగా పోయేటట్టు మందివ్వాలి. ఇంకోదానికి సూదితో గాలి తియ్యాలి. ఒకదాని వైద్యం మరొకదానికి చేస్తే మనిషి దక్కకపోవచ్చు. ఎక్స్-రే తీస్తే తెలుస్తుంది, నిజమే. కాని కూర్చోలేని రోగిని ఆ గదికి తీసుకువెళ్ళాలి, ఫోటో వచ్చేవరకు ఆగాలి. తల్లి ఒళ్ళో ఉన్న పసిబిడ్డకైతే మాటిమాటికీ ఎక్స్-రేలు తియ్యడం మంచిది కాదు.

మరి స్కానింగు యంత్రం ఉంది కదా, అంటారా? గర్భంలోని శిశువును చూస్తారు, కాలేయాన్ని చూస్తారు, గుండె కవాటాలు తెరుచుకోవడాన్ని చూస్తారు. మంచం పక్కకే తోసుకువచ్చే యంత్రమది. ఎక్స్-కిరణాల బాధ లేదు. దానితో ఊపిరితిత్తులను కూడా చూడవచ్చు కదా?

ఈ ప్రశ్న అడిగితే ముప్ఫయ్యేళ్ళ కిందట చాలామంది వైద్యులు తల అడ్డంగా ఊపేవారు. ఊపిరితిత్తి నిండా గాలి ఉంటుంది, గాలిలోంచి అతిధ్వనులు దూరవు, కనుక అక్కడ ఆ యంత్రం పనికిరాదు అని పెద్ద పెద్ద పాఠ్యగ్రంథాలు సైతం చెప్పేవి. వాళ్ళు చెప్పిన కారణం నూటికి నూరుపాళ్ళు సరయినదే. తీసిన నిర్ణయమే తప్పు. ఎందుకో తెలియాలంటే ముందు రేవుకూ, తర్వాత ఉక్కు కర్మాగారానికీ వెళ్ళాలి.

రేవులో లోతు కొలవడం

విశాఖ రేవు ముఖద్వారం పక్కన సముద్రంలోకి చొచ్చుకు వచ్చిన కొండ ఉంది. డాల్ఫిన్ ముక్కులా ఉందని దానికి డాల్ఫిన్స్ నోస్ అని పేరు. పేరు పెట్టినవారు ముక్కు దగ్గర ఆగిపోయారు గాని, డాల్ఫిన్‌లో అసలు విశేషం దాని నుదురు! అది తల లోపల టిక్కు టిక్కుమనే చప్పుళ్ళు పుట్టించి, నుదుటిలో ఉండే కొవ్వు ముద్ద గుండా వాటిని ముందుకు పంపుతుంది. చేపకు తగిలి తిరిగివచ్చే ప్రతిధ్వనిని కింది దవడతో అందుకుంటుంది. మన చెవి సెకనుకు 20 నుంచి 20,000 కంపనాల వరకే వినగలదు. అంతకు మించిన పౌనఃపున్యం ఉన్నవాటిని అతిధ్వనులు, అల్ట్రాసౌండు అంటాం. డాల్ఫిన్ చప్పుళ్ళలో ఎక్కువ భాగం అటువంటివే. గబ్బిలాల సంగతి మీరు పాఠంలో చదివే ఉంటారు.

1933లో ప్రారంభమైన ఈ రేవులోకి వచ్చే ఓడలు కూడా డాల్ఫిన్ చేసే పనే చేస్తాయి. ఓడ అడుగున ఉన్న పరికరం నీటిలోకి ఒక ధ్వనిని పంపుతుంది. అది నేలకు తగిలి తిరిగి వస్తుంది. సముద్రపు నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోతుంది. ప్రతిధ్వని రావడానికి సెకనులో యాభయ్యోవంతు పట్టిందనుకోండి. ఆ కాలంలో ధ్వని 30 మీటర్లు తిరిగింది. పోవడం సగం, రావడం సగం. కనుక లోతు 15 మీటర్లు. స్కానింగు యంత్రం చేసే లెక్క ఇంతకన్నా ఏమీ ఎక్కువ కాదు. శరీరంలో ధ్వనివేగం సెకనుకు 1,540 మీటర్లని అనుకుని, ఆలస్యాన్ని లోతుగా మారుస్తుంది. ఎంత ఆలస్యంగా వస్తే అంత లోతు. ఈ యంత్రానికి తెలిసిన సూత్రం ఇది ఒక్కటే. పాపం, ఈ ఒక్క సూత్రం పట్టుకునే ఊపిరితిత్తి దగ్గర అది మోసపోతుంది! ఆ ముచ్చట తర్వాత.

ఇంత సూక్ష్మమైన ధ్వనిని పుట్టించేది ఒక స్ఫటికం. క్వార్ట్జ్ వంటి కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని 1880లో ఫ్రాన్సులో జాక్ క్యూరీ, పియరీ క్యూరీ అనే అన్నదమ్ములు కనిపెట్టారు. ఆ పియరీయే మేరీ క్యూరీ భర్త. విద్యుత్తు ఇస్తే అదే స్ఫటికం కంపిస్తుంది కూడా. అంటే ఒకే వస్తువు నోరూ, చెవీ అవుతుందన్నమాట. మొదటి ప్రపంచయుద్ధంలో జలాంతర్గాముల కోసం వెతకడానికి పాల్ లాంజెవాన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దీన్ని వాడుకున్నాడు. రామకృష్ణా బీచ్‌లో ప్రదర్శనశాలగా ఉంచిన 'కుర్సురా' జలాంతర్గామిని మీలో కొందరు చూసే ఉంటారు. నీటి అడుగున దానికి లోకంతో సంబంధం చాలావరకు చెవుల ద్వారానే.

ఇంకో మాట. అతిధ్వనుల శాస్త్రానికి విశాఖ కొత్త ఊరేమీ కాదు. సి.వి. రామన్ చిన్నతనం ఇక్కడే గడిచింది. తండ్రి ఏ.వి.ఎన్. కళాశాలలో పాఠాలు చెప్పేవారు. రామన్ ఈ ఊళ్ళోనే చదివి పదకొండో ఏట మెట్రిక్యులేషన్ పాసయ్యారు. తరువాత బెంగుళూరులో నాగేంద్రనాథ్‌తో కలిసి, అతిధ్వనులు ప్రసరించే ద్రవం గుండా కాంతి పోతే ఏమవుతుందో 1935-36లో వివరించారు. రామన్‌తో పనిచేసిన సూరి భగవంతం, ఆయన శిష్యులు భావరాజు రామచంద్రరావు 1940లలో వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో అతిధ్వనుల మీద పరిశోధనలు చేశారు. ఆసుపత్రులలో ఆ యంత్రాలు ఇంకా పుట్టని రోజులవి.

ఉక్కులో దాగిన పగులు

ఇప్పుడు ఉక్కు దగ్గరికి వద్దాం. బైలదిల్లా గనుల నుంచి ఇనుప ఖనిజం కొత్తవలస-కిరండూల్ రైలుమార్గం మీదుగా విశాఖకు దిగుతుంది. అంత బరువు మోసే పట్టాల లోపల ఎక్కడైనా పగులుంటే? పైకి కనిపించదు. అందుకే రైల్వేవారు పట్టాల మీద చిన్న తోపుడు బండి నడిపిస్తూ వాటిలోకి అతిధ్వనులు పంపి పరీక్షిస్తారు. ఉక్కు కర్మాగారాల్లో పోతపోసిన దిమ్మెలనూ, ఓడలు కట్టేచోట వెల్డింగు అతుకులనూ కూడా ఇలాగే చూస్తారు. 1920ల చివరలో సోవియట్ రష్యాలో సోకొలోవ్ అనే శాస్త్రజ్ఞుడు సూచించిన ఆలోచన ఇది.

ఉక్కులో ధ్వని సెకనుకు సుమారు 5,900 మీటర్ల వేగంతో పోతుంది. 30 సెం.మీ. మందం ఉన్న దిమ్మెకు ఒక పక్క నుంచి ధ్వని పంపితే, అవతలి ముఖానికి తగిలి సెకనులో పదివేలవ వంతులో తిరిగి వస్తుంది. మధ్యలో పగులుంటే దానికన్నా ముందే ఒక ప్రతిధ్వని వస్తుంది. సన్న వెంట్రుకంత పగులు కూడా దొరికిపోతుంది. అంత చిన్న పగులు అంత గట్టిగా ఎందుకు అరుస్తుంది? అందులో గాలి ఉంది కనుక.

ధ్వని ఒక యానకం నుంచి ఇంకో యానకంలోకి పోయేటప్పుడు కొంత లోపలికి పోతుంది, కొంత పరావర్తనం చెందుతుంది. ఎంత వెనక్కు వస్తుందనేది ఆ రెండింటి సాంద్రత, వాటిలో ధ్వనివేగం మీద ఆధారపడి ఉంటుంది. సాంద్రతను వేగంతో గుణిస్తే వచ్చే సంఖ్య రెండింటికీ దగ్గరగా ఉంటే ధ్వని హాయిగా దాటిపోతుంది. నీటికీ, మన కండకూ ఈ సంఖ్యలు దగ్గర దగ్గరగా ఉంటాయి. అందుచేత నీటి నుంచి కండలోకి పోయే ధ్వనిలో వెయ్యింట రెండు మూడు పాళ్ళు మాత్రమే వెనక్కు వస్తాయి. గాలి సంగతి వేరు. కండకున్న సంఖ్య గాలికున్నదానికి సుమారు నాలుగువేల రెట్లు. అందుకని కండ నుంచి గాలిలోకి పోబోయిన ధ్వనిలో వెయ్యింట 999 పాళ్ళు వెనక్కు తన్నుకువస్తాయి. ఉక్కుకూ గాలికీ మధ్య ఇంకా ఎక్కువ. స్కానింగు చేసేముందు డాక్టరు పొట్ట మీద జిగురులాంటిది పూస్తాడే, అది మందు కాదు. చర్మానికీ యంత్రపు బుడిపెకూ మధ్య పలచటి గాలిపొర మిగిలినా ధ్వని లోపలికే పోదు. ఆ గాలిని తరమడానికే జిగురు.

ఉక్కును పరీక్షించే యంత్రం మనిషి దగ్గరికి ఎలా వచ్చిందో చెబితే మీకు నవ్వొస్తుంది. స్కాట్లండులోని గ్లాస్గోలో ఇయాన్ డొనాల్డ్ అనే స్త్రీల వైద్యనిపుణుడు ఉండేవాడు. యుద్ధకాలంలో వైమానికదళంలో పనిచేసి, రాడార్, సోనార్ల గురించి తెలుసుకున్నాడు. 1955లో ఒకరోజు ఆయన ఆపరేషన్లలో తీసిన కణితులనూ, నీటితిత్తులనూ కారులో వేసుకుని బాయిలర్లు తయారుచేసే బాబ్‌కాక్ అండ్ విల్‌కాక్స్ కర్మాగారానికి వెళ్ళాడు. పోల్చి చూడటానికి ఒక మాంసపు ముక్క కూడా అక్కడ సిద్ధం చేశారు. బాయిలరు రేకుల్లో పగుళ్ళు వెతికే యంత్రాన్ని వాటి మీద పెట్టి చూశారు. గట్టి కణితి ఒకలాగా, నీరున్న తిత్తి ఇంకొకలాగా ప్రతిధ్వనులిచ్చాయి! 1958లో ఆయన, ఆయన సహచరులు ఈ విషయాన్ని 'లాన్సెట్' పత్రికలో ప్రకటించారు. ఇవాళ ప్రతి పట్టణంలో ఉన్న స్కానింగు యంత్రాలకు మూలపురుషుడు ఒక బాయిలరు ఇన్‌స్పెక్టరన్నమాట.

గోడ మీద బొమ్మలు

ఇప్పుడు మళ్ళీ ముసలాయన మంచం దగ్గరికి. ఊపిరితిత్తుల్లో ముప్ఫై కోట్లకు పైగా గాలితిత్తులుంటాయి. ఒక్కొక్కటి మిల్లీమీటరులో అయిదోవంతు ఉంటుందేమో. డాక్టరు పక్కటెముకల సందున బుడిపె ఆనిస్తాడు. సెకనుకు ముప్ఫయ్యైదు లక్షల కంపనాలున్న ధ్వని చర్మం, కొవ్వు, కండ దాటి రెండు సెంటీమీటర్ల లోతులో ఊపిరితిత్తి పై పొరకు తగులుతుంది. దీన్ని ఫుప్ఫుసావరణం అంటారు. దాని వెనక అంతా గాలి. కనుక ధ్వని అక్కడే ఆగి వెనక్కు వస్తుంది. తెర మీద ఒక ప్రకాశవంతమైన తెల్లగీత కనబడుతుంది. రెండు పక్కలా పక్కటెముకలు, నడుమ కొంచెం లోతుగా ఈ గీత. రెక్కలు చాచిన గబ్బిలంలా ఉంటుందని వైద్యులు దీన్ని గబ్బిలం గుర్తు అంటారు. అతిధ్వనుల కథలో గబ్బిలం మళ్ళీ ఇలా దూరింది చూడండి!

ఆ గీత కింద ఊపిరితిత్తి బొమ్మ ఉండాలి కదా? ఉండదు. ఉన్నట్టు కనిపించేదంతా భ్రమ. సెలూనులో ఎదురెదురు గోడలకు అద్దాలుంటాయి. మధ్యలో కూర్చుంటే మీ తల ఒకటి వెనక ఒకటిగా ఎన్ని కనిపిస్తాయో లెక్కపెట్టారా? ఇక్కడా అదే. ఊపిరితిత్తి పొర ఒక అద్దం, యంత్రపు బుడిపె రెండో అద్దం. ధ్వని ఆ రెండింటి మధ్య రెండుసార్లు తిరిగితే రెట్టింపు ఆలస్యమవుతుంది. యంత్రానికి తెలిసింది ఒక్కటే సూత్రం కదా. ఆలస్యం రెట్టింపయింది కనుక లోతు రెట్టింపు అనుకుని, నాలుగు సెంటీమీటర్ల దగ్గర ఇంకో గీత గీస్తుంది. మూడోసారి వస్తే ఆరు దగ్గర. అక్కడ నిజంగా ఏమీ లేదు. ఈ అడ్డగీతలను 'ఎ' గీతలంటారు.

చాలాకాలం వైద్యులు వీటిని యంత్రంలో లోపమని కొట్టిపారేశారు. కాని కొంచెం ఆలోచించండి. ఈ దొంగగీతలు ఎప్పుడు వస్తాయి? పొర వెనక గాలి ఉన్నప్పుడే వస్తాయి. ఉక్కులో గాలి ఉంటే జబ్బు. ఊపిరితిత్తిలో గాలి ఉంటే ఆరోగ్యం. ఉక్కులో ప్రతిధ్వని వస్తే ప్రమాదం. ఇక్కడ ధ్వని గోడకు తగిలి వెనక్కు వస్తే క్షేమం, గోడ దాటి లోపలికి పోయిందంటేనే ప్రమాదం! బొమ్మ కనిపించకపోవడమే మంచివార్త అన్నమాట.

ఇంకో విషయం. ఊపిరితిత్తి పీల్చి వదిలినప్పుడల్లా పక్కటెముకల లోపలి పొర మీద జారుతూ ఉంటుంది. తెర మీద ఆ తెల్లగీత మిలమిలలాడుతూ అటూ ఇటూ కదలడం కంటికి కనబడుతుంది. ఒకే గీత వెంబడి కాలం గడిచేకొద్దీ ఏం జరిగిందో యంత్రం చిత్రించగలదు. అలా చిత్రిస్తే, కదలని కండలు పైన సమాంతరమైన గీతలుగా, కదిలే ఊపిరితిత్తి కింద ఇసుక రేణువులుగా కనిపిస్తాయి. పైన అలలు, కింద ఇసుక. ప్రపంచమంతటా వైద్యులు దీన్ని సముద్రతీరపు గుర్తు అని పిలుస్తారు. విశాఖ పిల్లలకు ఈ బొమ్మను ఎవరూ వర్ణించి చెప్పనక్కరలేదు.

ఇసుక మాయమై తెరంతా గీతలే మిగిలితే? కొట్లో సామానుల మీద ఉండే నల్లగీతల గుర్తులా ఉంటుంది. పొర జారడం లేదని అర్థం. ఊపిరితిత్తికి చిల్లిపడి, గాలి బయటికి వచ్చి, రెండు పొరల మధ్య చేరిందేమోనని డాక్టరు అనుమానిస్తాడు. బుడిపెను పక్కకు జరుపుతూ పోతే ఒకచోట ఇసుకా, గీతలూ వంతులవారీగా వస్తాయి. చెక్కుచెదరని ఊపిరితిత్తి అంచు అక్కడుంది. అది కనబడితే అనుమానం తీరినట్టే.

ఊపిరితిత్తి తడిస్తే ఏమవుతుంది? గాలితిత్తుల మధ్య సందుల్లో కాస్త నీరు చేరిందనుకోండి. ధ్వనికి గోడలో చిన్న కంత దొరికినట్టవుతుంది. అది లోపలికి దూరి, బుడగల నడుమ ఇరుక్కుని, అటూ ఇటూ కొట్టుకుంటూ కొద్దికొద్దిగా వెనక్కు వస్తూనే ఉంటుంది. ఆగకుండా వచ్చే ఈ ప్రతిధ్వనిని మన అమాయకపు యంత్రం 'లోతు, ఇంకా లోతు' అనుకుంటుంది. అందువల్ల పొర దగ్గర నుంచి తెర అడుగు వరకు ఒక నిలువు వెలుగుచార పడుతుంది. తోకచుక్కలా ఉంటుంది. శ్వాసతోపాటు కదులుతుంది. దారిలో ఉన్న 'ఎ' గీతలను చెరిపేస్తుంది. దీని పేరు 'బి' గీత. బుడగలలో సరిగ్గా ఏం జరిగి ఈ చార పుడుతుందనే విషయం మీద భౌతికశాస్త్రజ్ఞులు ఇంకా ప్రయోగాలు చేస్తూనే ఉన్నారు. ఆరోగ్యవంతులలో కూడా అక్కడక్కడ ఒకటి రెండు ఉండవచ్చు. ఒకే సందులో మూడో, అంతకన్నా ఎక్కువో ఉంటే డాక్టరు లెక్కలోకి తీసుకుంటాడు.

న్యుమోనియాలో గాలితిత్తులు చీముతోనూ, ద్రవంతోనూ నిండిపోతాయి. అప్పుడు ధ్వని సాఫీగా లోపలికి పోతుంది. ఊపిరితిత్తి అచ్చం కాలేయంలా కనబడుతుంది. అందులో మిగిలిన గాలి శ్వాసనాళాలలో తెల్లచుక్కలుగా మెరుస్తుంది. ఊపిరితిత్తి చుట్టూ నీరు పడితే అంతకన్నా సులువు. నీరు నల్లగా, దానిలో తేలుతున్న ఊపిరితిత్తి అంచు తెల్లగా కనిపిస్తాయి. నిలబెట్టి తీసిన ఎక్స్-రేలో ఈ నీరు తేటగా కనిపించాలంటే దాదాపు 200 మిల్లీలీటర్లు ఉండాలి. అతిధ్వనులకు దానిలో పదోవంతు చాలు. సూది ఎక్కడ గుచ్చాలో కూడా కళ్ళారా చూసుకుని గుచ్చవచ్చు. మన దేశంలో ఈ నీటికి ముఖ్యమైన కారణాలలో క్షయ ఒకటి. కనుక వాల్తేరులోని ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రి వంటి చోట్ల ఇది చిన్న ఉపకారం కాదు.

ఈ గుర్తులన్నిటినీ ఓపికగా పోగుచేసి ఒక క్రమంలో పెట్టిన పేరు చాలావరకు పారిస్ దగ్గర పనిచేసిన డానియల్ లిక్టెన్‌స్టైన్ అనే వైద్యునికి దక్కుతుంది. 1997లో ఆయన తోకచుక్కల వంటి ఆ చారలకూ, తడిసిన ఊపిరితిత్తికీ ఉన్న సంబంధాన్ని చూపాడు. 2008లో, తీవ్రమైన ఆయాసంతో వచ్చిన 260 మందిని పరీక్షిస్తే ఈ పద్ధతి 90.5 శాతం మందిలో సరయిన కారణం చెప్పగలిగిందని ప్రకటించాడు. ఆ పరీక్షకు పట్టేది కొద్ది నిమిషాలే. 2012లో వివిధ దేశాల నిపుణులు కూర్చుని ఉమ్మడి సూచనలు తయారుచేశారు. అన్నట్టు, చిల్లిపడిన ఊపిరితిత్తి జారడం మానేస్తుందని 1986లోనే రాసిన రాంటనెన్ మనుషుల డాక్టరు కాదు, గుర్రాల డాక్టరు! మనుషుల వైద్యులు పుస్తకాలు నమ్మి ఆగిపోయినచోట పశువైద్యుడు చూసి తెలుసుకున్నాడు. పుస్తకాలు చదవవద్దని నేననడం లేదు సుమా.

చూడలేనివి

ఇంత చదివాక మీకొక సందేహం రావాలి. రేవులో బొగ్గు, ఖనిజం దించేచోట ధూళి లేస్తుంది. పోతపోసే మూసల ఇసుకలో సిలికా ఉంటుంది. రాళ్ళు పగలగొట్టే క్రషర్ల దగ్గర మరీ ఎక్కువ. ఏళ్ళ తరబడి ఆ ధూళి పీల్చినవారి ఊపిరితిత్తులలో చిన్నచిన్న గట్టి ముడులు కడతాయి. వాటిని ఈ యంత్రం పట్టిస్తుందా? నమ్మకంగా పట్టించలేదు. ఆ ముడులు చాలావరకు లోతున ఉంటాయి. వాటికీ, పై పొరకూ మధ్య గాలి నిండిన తిత్తులుంటాయి. గోడ వెనక ఏముందో గోడ చెప్పదు. జబ్బు పొరను తాకితేనే కనబడుతుంది. అందుకే ధూళి జబ్బులకు ఎక్స్-రే, సి.టి. స్కాను, ఊపిరి బలం కొలిచే పరీక్ష కావాలి. వాటికన్నా ముందు, 'ఏం పని చేసేవాడివి తాతా? ఎన్నేళ్ళు చేశావు?' అని అడిగే డాక్టరు కావాలి.

ఉబ్బసం ఉన్నవారి ఊపిరితిత్తులు కూడా తెర మీద మామూలుగానే కనిపిస్తాయి. ఊపిరి ఆడక గిలగిలలాడుతున్నా, గాలి లోపలే ఉంది కదా! డాక్టరుకు ఇది కూడా ఒక సమాచారమే. అలాగే 'బి' గీతలు తడి ఉందని చెబుతాయి గాని, ఆ తడి గుండె జబ్బు వల్లనా, న్యుమోనియా వల్లనా, 2020లో లోకాన్ని వణికించిన కోవిడ్ వల్లనా అని వాటంతట అవి చెప్పవు. రెండు పక్కలా సమానంగా ఉన్నాయా, అక్కడక్కడ మచ్చలుగా ఉన్నాయా, పొర నున్నగా ఉందా గరుకుగా ఉందా, గుండె ఎలా కొట్టుకుంటోంది అని చూసి డాక్టరు నిర్ణయించుకోవాలి. క్షయ క్రిమి ఉందో లేదో తేల్చడానికి కళ్ళె పరీక్ష వంటివి ఉండనే ఉన్నాయి. పైగా బుడిపెను పట్టుకున్న చేతికి శిక్షణ లేకపోతే పక్కటెముక నీడను చూసి నీరనుకోవచ్చు కూడా.

స్ఫటికాలకు బదులు సిలికాన్ ముక్క మీద ధ్వనిని పుట్టించే బుడిపెలు ఇప్పుడు వచ్చాయి. జేబులో పట్టేంత పరికరాన్ని సెల్‌ఫోనుకు తగిలిస్తే చాలు. అయితే మన దేశంలో దీన్ని ఎవరు పడితే వారు జేబులో వేసుకుని తిరగడానికి వీలులేదు. పుట్టబోయేది ఆడపిల్లని ఈ యంత్రంతోనే తెలుసుకుని కడుపులోనే చంపేవారు ఉండబట్టి, 1994లో ఒక చట్టం చేయవలసి వచ్చింది. ప్రతి యంత్రాన్నీ రిజిస్టరు చేయాలి. ఎక్కడికైనా తీసుకుపోగలిగే చిన్న యంత్రాల మీద 2012లో మరిన్ని కట్టుబాట్లు పెట్టారు. రిజిస్టరయిన ఆసుపత్రి ఆవరణలోనో, అనుమతి ఉన్న సంచార వైద్యశాలలోనో మాత్రమే వాటిని వాడాలి. ఆ చట్టం అవసరమే. ఎందుకంటే తెర మీద ఊపిరితిత్తిని చూపే బుడిపెను కొంచెం కిందికి జరిపితే గర్భం కనబడుతుంది. ఒకరు చేసిన పాపానికి ఆయాసంతో ఉన్న ఇంకొకరు మూల్యం చెల్లిస్తున్నారు.

పాడేరు ఏజెన్సీలో న్యుమోనియాతో రొమ్ము ఎగరేస్తున్న బిడ్డను తీసుకుని తల్లి ఘాటు రోడ్డు దిగి విశాఖ రావాలంటే సుమారు వంద కిలోమీటర్లు. ఆ బిడ్డ ఛాతీ పలచనిది, పక్కటెముకలు ఇంకా మెత్తనివి. అతిధ్వనులు పెద్దవాళ్ళలోకన్నా అక్కడ తేలిగ్గా దూరతాయి. దగ్గరలోని ఆరోగ్యకేంద్రంలోనే రిజిస్టరయిన యంత్రం ఒకటి, దాన్ని పట్టుకోవడం వచ్చిన డాక్టరు ఒకరు ఉంటే, తడిసిన చోటు ఏ పక్కన ఉందో అక్కడే తెలుస్తుంది. ఏ బిడ్డకు మందిచ్చి అక్కడే ఉంచుకోవచ్చో, ఏ బిడ్డను ఆక్సిజను పెట్టి అంబులెన్సులో కిందికి దించాలో నిర్ణయించడానికి అది పనికొస్తుంది.